మానిన మర్నాడు

నాన్నా,

ఇవాళ సోమవారం. తొమ్మిదింటికి మీ హైస్కూలు మైకులోంచి ప్రార్థన మా అరుగు దాకా వినిపిస్తోంది. నువ్వేమో మీ పెరటి గోడెక్కి కూర్చుని జామచెట్టుకేసి రాళ్ళు విసురుతున్నావు. నన్ను చూడగానే అవతలికి దూకేశావు. నేను పిలవలేదు. పిలిస్తే కడుపునొప్పనో, తలనొప్పనో నువ్వు ఏదో ఒకటి చెప్పాలి కదా! నాతో అబద్ధం ఆడాల్సిన ఇరకాటంలో నిన్ను పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఇది రాస్తున్నాను. మీ అక్క చేతికిచ్చి పంపిస్తాను. నిదానంగా చదువుకో.

ముందే చెబుతున్నాను, నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నీ పొద్దున్న ఎలా గడుస్తుందో గోడకి ఇవతల నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. ఐదున్నరకల్లా రొయ్యల ఫ్యాక్టరీ బస్సు రావిచెట్టు దగ్గరికి వచ్చేస్తుంది. మీ అమ్మ నాలుగింటికే లేచి అన్నం వండి, కూర మీద మూతపెట్టి, చీకట్లోనే పరుగెడుతుంది. మీ నాన్న చేపల లారీతో హౌరా వైపు వెళితే మళ్ళీ ఇల్లు చేరేసరికి పది రోజులు పడుతుంది. అక్క పదో తరగతి కాబట్టి ఎనిమిదింటికే స్టడీ అవరుకి వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి తొమ్మిది దాకా ఆ ఇంట్లో నువ్వొక్కడివే. పక్కనే ఫోను, మీద దుప్పటి, లేవమనే గొంతు లేదు. పన్నెండేళ్ళ పిల్లాడు ఆ గంటని దాటి, చొక్కా తొడుక్కుని, తలుపుకి గొళ్ళెం పెట్టి, తనంతట తాను బడికి నడిచి వెళ్ళడం చిన్న సంగతేమీ కాదు. స్కూటరు మీద గేటు దాకా దింపించుకునే పిల్లలకి ఆ కష్టం తెలీదు. వారంలో నాలుగైదు రోజులు నువ్వా పని చేస్తూనే ఉన్నావు. అది నేను గమనించానని నీకు చెప్పాలనిపించింది.

కానీ సోమవారాలు జారిపోతున్నాయి. ఆదివారం అమ్మ ఇంట్లో ఉంటుంది, రాత్రి పొద్దుపోయేదాకా మాటలు, టీవీ. తెల్లారితే ఇల్లు ఖాళీ. ఆ ఖాళీలో నీకు దిగులేస్తుందేమో కూడా. అదేం తప్పు కాదురా. దిగులుగా ఉన్న రోజే నలుగురిలో ఉండాలని మాత్రం నా అనుభవంలో చూశాను.

నేను ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. పాఠం మొదలుపెట్టే ముందు రోజూ నా చేతిలోకి వచ్చేది సుద్దముక్క కాదు, హాజరు పట్టీ. ఇప్పుడు ట్యాబులోనో ఫోనులోనో వేసేస్తున్నారు గానీ, మా రోజుల్లో అది నీలం అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ఎడమవైపు పేర్లు, కుడివైపు నెలలో ఎన్ని రోజులుంటే అన్ని చిన్న గడులు. పొద్దున్న ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాని మీద అడ్డంగా ఇంకో గీత. రెండు గీతలూ పడితేనే ఒక రోజు బడి పూర్తయినట్టు. నెలాఖరున ఆ పేజీ చూస్తే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఇంచుమించు తెలిసిపోయేది. పొద్దుటి గీత ఉండి మధ్యాహ్నం గీత లేకపోతే పిల్లాడు అన్నానికి ఇంటికెళ్ళి పొలానికి పోయాడన్నమాట. వరసగా ఐదు రోజులు ఖాళీ అంటే ఊడ్పులో, కోతలో, పెళ్ళో. ప్రతి సోమవారం ఖాళీ అంటే మాత్రం కారణం ఇంట్లో కాదు, పిల్లాడి మనసులో ఉందని అర్థం. అలాంటి పిల్లల్ని విడిగా పిలిచి మాట్లాడేదాన్ని. ఇప్పుడు నీతో మాట్లాడుతున్నట్టే.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒక లెక్క చేద్దాం. నెలకి రెండు సోమవారాలు మానావనుకో. రెండే కదా! జూన్‌లో బడి తెరిస్తే ఏప్రిల్ దాకా సుమారు పది నెలలు. అంటే ఏడాదికి ఇరవై రోజులు. ఒకటి నుంచి పది దాకా పది తరగతులు. ఇరవై పదులు 200. ఇప్పుడు ఇంకో అంకె విను. ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 220 రోజులు బడి నడవాలని 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో రాసుంది. నెలకి రెండు రోజుల పిల్లాడు పదో తరగతి పరీక్ష రాసేనాటికి, తనకి తెలియకుండానే, ఒక ఏడాది బడి పూర్తిగా ఎగ్గొట్టినట్టయింది కదా! పదేళ్ళ చదువుతో పరీక్షకి వచ్చిన పిల్లల పక్కన వాడు తొమ్మిదేళ్ళ చదువుతో కూర్చుంటాడు. తెలివి తక్కువై వెనకబడ్డాననుకుంటాడు పాపం. తక్కువైంది తెలివి కాదు, ఆ రోజులు.

75 శాతం ఉంటే చాలట కదా మామ్మగారూ, అని మీ అమ్మ ఒకసారి నన్నడిగింది. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వమిచ్చే డబ్బుకి ఆ షరతు పెట్టారు, నిజమే. అది డబ్బుకి పెట్టిన గీటు, చదువుకి కాదు. 220లో 75 శాతం అంటే 165. మిగిలినవి 55. వారానికి ఆరు రోజుల బడి చొప్పున చూస్తే తొమ్మిది వారాలు దాటిపోతాయి. తొమ్మిది వారాల పాఠం వినని పిల్లాడికి డబ్బు రావచ్చు, మూడో యూనిట్టు మాత్రం రాదు.

లెక్కల సంగతి మరీ ఘోరం. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం పోతే ఇంకో పాఠం పట్టుకోవచ్చు. లెక్కలు మేడమెట్లలాంటివి, మధ్యలో ఒకటి లేకపోతే పైదాని మీద కాలు పడదు. ఆరో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు నాకు, చాలా చురుకైనవాడు. మేనమామ పెళ్ళని నాలుగు రోజులు రాలేదు. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే భిన్నాల కూడిక చెప్పాను. తిరిగొచ్చాక సగానికి మూడోవంతు కలపమంటే, పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ ఐదు అని, ఐదింట రెండు వేశాడు. నువ్వయినా ఆగి చూడు: పదింటిలో ఐదు సగం. ఐదింట రెండంటే పదింటిలో నాలుగు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువెలా వస్తుంది? కిందివాటి క.సా.గు. ఆరు తీసుకుని, ఆరింట మూడు, ఆరింట రెండు కలిపితే ఆరింట ఐదు రావాలి. ఆ చిన్న కిటుకు వాడికి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. ఏడో తరగతిలో నిష్పత్తులు, ఎనిమిదిలో సమీకరణాలు, వడ్డీ లెక్కలు, ప్రతిచోటా ఆ భిన్నం అడ్డొచ్చింది. తొమ్మిదికి వచ్చేసరికి 'నాకు లెక్కలు రావండీ' అనడం అలవాటైపోయింది వాడికి. అప్పుడు కూర్చోబెట్టి వెనక్కి తవ్వుకుంటూ పోతే, తేలింది ఆ నాలుగు రోజులు. చెప్పడానికి పట్టింది ఒక్క సాయంత్రం. మూడేళ్ళు వాడు ఆ సాయంత్రం కోసమే ఆగిపోయాడన్నమాట.

పెళ్ళికి వెళ్ళొద్దని అనను. మేనమామ పెళ్ళికి మేనల్లుడు లేకపోతే ఎలా? జ్వరమొస్తుంది, వాన ముంచుతుంది, సంక్రాంతికి చుట్టాలొస్తారు. మానే రోజులు ప్రతి పిల్లాడికీ కొన్ని ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళలో నాకు అర్థమైందేమిటంటే, పిల్లాడి చదువు చెడేది మానిన రోజున కాదు, దాని మర్నాడు. మానిన రోజు హాయిగానే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే భయం మొదలవుతుంది. మాస్టారు ఏమంటారో, హోంవర్కు ఏమిచ్చారో, పక్కవాడు నవ్వుతాడేమో. ఇవాళ కూడా ఆగిపోదాం, రేపు వెళ్దాం అనిపిస్తుంది. రేపటికి రెండు రోజుల భయం. ఎల్లుండికి మూడు రోజులది. బడి అదే, దారి అదే, గేటు మాత్రం రోజురోజుకీ బరువెక్కుతుంది.

ఇది నేనెలా నేర్చుకున్నానో నీకు చెప్పాలి. ఇన్నేళ్ళలో చాలామందికి చెప్పుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి అవతల లంక ఊళ్ళ పిల్లలు పడవలో దాటి వచ్చే బడిలో పనిచేశాను. వరదొస్తే అక్కడ బతుకే వేరు. కాజ్‌వేలు మునిగిపోతాయి, రేవు మాయమవుతుంది, పడవ వేస్తారో లేదో కలెక్టరాఫీసు చెప్పాలి. ఒక ఆగస్టులో అలాగే నాలుగు రోజులు పడవలు ఆపేశారు. ఐదో రోజుకి పిల్లలంతా వచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు మాత్రం తొమ్మిదో రోజున వచ్చాడు. నిక్కరు తడిసి ఉంది. గుమ్మంలో నిలబడి 'లోపలికి రావచ్చా టీచర్' అన్నాడు. నేను హాజరు పట్టీలోంచి తలెత్తి, 'ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా బడి?' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నేను వాళ్ళని ఆపలేదు. వాడు వెనక బెంచీలో కూర్చుని, సాయంత్రం దాకా ఉండి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

మూడు నెలల తర్వాత రేవులో కనిపించాడు, పడవలోకి కొబ్బరికాయలు ఎక్కిస్తూ. నన్ను చూసి పని ఆపి దణ్ణం పెట్టాడు. ఎందుకు మానేశావు నాయనా, నేను కోప్పడ్డాననా అని అడిగాను. 'కాదండీ, మీరు చెప్పేదేమీ అర్థం కాలేదండీ. అడుగుదామంటే సిగ్గేసిందండీ' అన్నాడు. ఇల్లంతా నీళ్ళొచ్చి, పశువుల్ని గట్టు మీదికి తోలుకెళ్ళి, తండ్రితో పాటు అక్కడే కాపలా ఉన్నాడట ఆ ఎనిమిది రోజులూ. అది నాకు చెప్పే అవకాశం నేనివ్వలేదు. గేటు దాకా, గుమ్మం దాకా వాడు తన కాళ్ళ మీద తాను వచ్చాడు, నాన్నా. మిగిలింది ఒక్క అడుగు. ఆ అడుగు దగ్గర నా మాట అడ్డం పడింది.

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎన్నాళ్ళు మానినవాడైనా సరే, వచ్చిన రోజున పట్టీ మూసి పక్కన పెట్టి, 'వచ్చావా, రా, కూర్చో' అనే అన్నాను. నోట్సు శుభ్రంగా రాసేవాడి పక్కన కూర్చోబెట్టేదాన్ని. కారణం సాయంత్రం అడిగేదాన్ని, ఒంటరిగా. ఇంకెవ్వరూ నా గుమ్మంలోంచి వెనక్కి పోలేదు. ఆ ఒక్కడి బాకీ మాత్రం తీరలేదు.

నీకిది ఎందుకు చెబుతున్నానంటే, రేపు మీ మాస్టారు కూడా అలాంటి మాటేదో అనచ్చు. అరవైమందిని చూసుకునే మనిషి నోట ఒక మాట తూలుతుంది. నీ మీద పగతో కాదు. ఆ మాట పడ్డా సరే, ఎల్లుండి కూడా వెళ్ళు. ఆ లంక పిల్లాడికి ఈ ముక్క చెప్పేవాళ్ళు లేకపోయారు.

మన భీమవరంలోనే పుట్టిన ఒకాయన కథ చెబుతాను. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టారు. నీ ఈడులో ఆయనకి చదువు మీద మనసు లేదు. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. కూర్చోబెడితే గబగబా ఫస్టు వచ్చేశారనుకోకు. మెట్రిక్యులేషను ఒకసారి తప్పారు. రెండోసారి తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. మా బంధువుల్లో ఒకసారి తప్పగానే పిల్లల్ని దుకాణంలో కూర్చోబెట్టేసినవాళ్ళు ఎంతమందో! ఆ తల్లి అలా చెయ్యలేదు.

ఆయన తర్వాత మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ హార్వర్డులో చదివారు. అన్నం అరిగాక మన కండరాలకి శక్తి ఎలా అందుతుందో చెప్పే ఏటీపీ అనే పదార్థాన్ని కనిపెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. క్యాన్సరుకి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతమందిని మంచాన పడేసిందో మీ నానమ్మనడుగు. దానికి ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి తన కళ్ళముందే మింగించే డీఈసీ మాత్ర ఉంది చూడు, హెట్రజాన్ అనేవారు మా చిన్నప్పుడు, అదీ ఆయన బృందం పనే. మీ బడిలో వారానికోసారి నీలం మాత్ర ఇస్తారు కదా, ఐరన్ మాత్ర! అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే దారి 1940లలో కనుక్కున్నది కూడా ఆయన దగ్గరి శాస్త్రవేత్తలే. ఒకప్పుడు బడి మానేసి పారిపోయిన భీమవరం కుర్రాడి కష్టం ఇప్పుడు బడికొచ్చిన ప్రతి పిల్లాడి అరచేతిలో పెడుతున్నారు. ఆ రోజు మానినవాడికి అది అందదు.

నిన్ను సుబ్బారావు గారంతటివాణ్ణి కమ్మని అనడం లేదు. అలాంటి బరువులు పిల్లల మీద పెట్టకూడదు. పారిపోయిన తర్వాత తిరిగి రావడం, తప్పిన తర్వాత మళ్ళీ కూర్చోవడం, ఆ రెండూ చదువుకునే వయసులో ఆయన చేసిన పనులు. అవి నువ్వూ చెయ్యగలవు.

సరే, ఇక రోజువారీ సంగతులు. పెద్దవేమీ లేవు.

పొద్దున్న అంతా రాత్రే తయారవుతుంది. నీకు ఎనిమిదింబావుకి టైము చాలకపోవడానికి కారణం, అప్పుడు సంచి వెతుక్కోవడం, సాక్సు వెతుక్కోవడం, తెలుగు నోట్సు మంచం కింద దొరకడం. నిద్రమత్తులో ఉన్న మనిషి చేత అన్ని పనులు చేయించకూడదు. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు పెట్టుకో. మర్నాటి టైంటేబులు చూసి పుస్తకాలు సర్దు, కాంపాసు పెట్టె వెయ్యి, నీళ్ళ సీసా కడిగి మూతి తెరిచి బోర్లించు, చొక్కా, లాగూ కుర్చీకి తగిలించు. సంచి తలుపు పక్కనే పెట్టు. పొద్దున్న లేచేసరికి సగం బడికి వెళ్ళిపోయినట్టే ఉంటుంది.

ఫోను సంగతి నాకు తెలుసు. మీ కిటికీలో పదకొండున్నరకి నీలం వెలుగు కనిపిస్తూ ఉంటుంది. నీ మనసు గట్టిది కాదని కాదు. ఒక వీడియో అయ్యేలోపు ఇంకోటి వచ్చేలా దాన్ని తయారుచేసినవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు, వాళ్ళతో పన్నెండేళ్ళవాడు ఒక్కడూ పోట్లాడలేడు. నా వయసువాళ్ళే పోట్లాడలేకపోతున్నారు. అందుకని ఒక ఏర్పాటు చేసుకుందాం. రాత్రి తొమ్మిదింటికి అది తెచ్చి మా ఇంట్లో ఛార్జింగుకి పెట్టెయ్. సాయంత్రం బడి నుంచి రాగానే తీసుకెళ్ళు. మీ అమ్మ ఫోను అమ్మ దగ్గర ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. తొమ్మిదిన్నరకి పడుకుంటే ఆరున్నరకి తొమ్మిది గంటల నిద్ర అవుతుంది. నీ వయసుకి అంత కావాలి, తగ్గితే మొదటి పీరియడంతా ఆవలింతలే.

ఆరున్నరకి గోడ మీంచి నేను పిలుస్తాను. ఒక నెల పిలుస్తాను. ఆ తర్వాత నీ అంతట నువ్వే లేస్తావు, చూడు.

ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకు. అమ్మ వండిన అన్నంలో పెరుగేసుకుని నాలుగు ముద్దలు తిను. రాత్రి అన్నం మిగిలితే చద్దన్నం, ఉల్లిపాయ ముక్క. మా నాన్నగారు అది తినే నలభై ఏళ్ళు నాగలి పట్టారు. తినేముందు చేతులు సబ్బుతో కడుక్కో. మధ్యాహ్నం బడి భోజనం ఉండనే ఉంది. గుడ్డు, చిక్కీ, రాగిజావ, వీటిని వదలకు. 'వాళ్ళు తినరు, నేనూ తినను' అని బాక్సు తెచ్చుకునే పిల్లల్ని చూసి నువ్వూ సిగ్గుపడుతున్నావని అక్క చెప్పింది. ఆ భోజనానికి ఇప్పుడు ఎవరి పేరు పెట్టారో బోర్డు మీద చదివావా? డొక్కా సీతమ్మ గారు. కోనసీమలో లంకల గన్నవరం ఆవిడది. 1909లో పోయారు. అర్ధరాత్రి తలుపు తట్టినా కులం, గోత్రం అడక్కుండా వండి పెట్టిన మనిషి. ఆ పేరు మీద పెట్టే అన్నం తినడానికి సిగ్గు దేనికి, నాన్నా?

హోంవర్కు బడి నుంచి రాగానే కాదు, ముందు కాసేపు ఆడుకుని రా. చీకటి పడ్డాక, అమ్మ వచ్చేలోపు ఒక గంట. ఇంట్లో మనసు నిలవకపోతే మా అరుగు మీద లైటుంది. రానిది ఉంటే రాలేదని చెప్పు. చెయ్యని హోంవర్కు ఉందని బడి మానడం కంటే, చెయ్యని హోంవర్కుతో బడికి వెళ్ళి నాలుగు చీవాట్లు తినడం మేలు. చీవాట్లు ఆ పూటతో పోతాయి.

చిట్టితల్లీ, ఈ కాయితం మడిచి ఇచ్చినా నువ్వు విప్పి చదువుతావని నాకు తెలుసు. అందుకే నీకూ రెండు ముక్కలు. నెలలో రెండు రోజులు నువ్వు ఇంట్లోనే ఉంటున్నావు. నా చిన్నప్పుడు మేమూ అలాగే ఉండేవాళ్ళం, మూడు రోజులు పెరటి గదిలో. మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు, మేం అడిగేవాళ్ళమూ కాదు. నొప్పి తట్టుకోలేనంతగా ఉంటే పడుకో, పీహెచ్‌సీలో డాక్టరమ్మకి చూపిద్దాం, నేనొస్తాను తోడు. మరక పడుతుందేమోనన్న భయంతో మాత్రం మానకు. సంచిలో ఎప్పుడూ రెండు ప్యాడ్లు ఉంచుకో, లేకపోతే నన్నడుగు, టీచర్లలో మనసుకి దగ్గరగా ఉన్నావిడతో చెప్పుకో. ఇందాక తమ్ముడికి చెప్పిన లెక్క ఉందే, నెలకి రెండు రోజుల లెక్క, ఆడపిల్లల పట్టీల్లోనే అది ఎక్కువగా కనిపించేది నాకు. ఇంకోటి, అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఆగిపోయేది ఎప్పుడూ నువ్వే. ఈసారి అమ్మకి బాగోకపోతే నాకు చెప్పు. జావ కాచి ఇవ్వడానికి నేనున్నాను. నీకు మార్చిలో పరీక్షలు.

ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించు. అమ్మా, పన్నెండు గంటలు నిలబడి రొయ్యలొలిచి ఇంటికొచ్చిన నీకు సలహాలు చెప్పడం నాకు భారంగానే ఉంది. ఒక్కటే అడుగుతాను. రాగానే 'బడికి వెళ్ళావా' అని అడక్కు. దానికి అవుననో కాదనో అంటాడు, అంతటితో మాట అయిపోతుంది. 'ఇవాళ ఏం విన్నావు' అని అడుగు. నీకు అర్థం కాకపోయినా చెప్పించుకో. రేపు సాయంత్రం అమ్మకి చెప్పడానికి ఏదో ఒకటి కావాలని వాడే వెళతాడు. పండగకి రెండు రోజులు ముందు, రెండు రోజులు వెనక అని సెలవులు పొడిగించకు. కోడిపందాల దిబ్బ దగ్గర పిల్లలు ఉండకూడని రోజులవి.

నాన్నా, రేపు మంగళవారం. అంటే మర్నాడు. నువ్వు వెళ్ళగానే మాస్టారి దగ్గరికి నువ్వే వెళ్ళు, ఆయన పిలిచేదాకా ఆగకు. 'నిన్న రాలేదండీ, నిన్నటి పాఠం ఏమిటండీ' అని అడుగు. అబద్ధపు కారణాలు ఏమీ చెప్పక్కర్లేదు. అడిగితే, లేవలేకపోయానండీ అను. నోట్సు ఇచ్చే స్నేహితుడి పక్కన కూర్చో. ఇప్పుడు మీకు పూర్ణసంఖ్యలు నడుస్తున్నాయని అక్క చెప్పింది. రుణసంఖ్యలోంచి రుణసంఖ్య తీసెయ్యడం దగ్గర చాలామంది జారతారు. ఇవాళ అదే చెప్పి ఉంటే, రేపు సాయంత్రం పుస్తకం తీసుకుని అరుగు మీదికి రా. అప్పుచీటీ చించేస్తే ఏమవుతుందో చెబుతాను, ఇట్టే తెలుస్తుంది.

నీ బడి చొక్కాకి మూడో గుండీ ఊడిపోయిందని, వేసుకోవడానికి మొహమాటపడుతున్నావని సాయంత్రం మీ అక్క అంది. తెచ్చిమ్మన్నాను. గుండీ కుట్టి, ఇస్త్రీ చేశాను. ఈ కాయితంతో పాటే పంపిస్తున్నాను. పడుకోబోయే ముందు కుర్చీకి తగిలించుకో.

మీ టీచరు మామ్మ